పాపకు నాలుగు నెలలుగా ఫిట్స్ మందు పోస్తున్నాం. మెదడు మొద్దుబారుతుందంటున్నారు, ఆపేయాలా?

పత్తికొండ_మేనమామ
మా చెల్లెలి పాపకు నాలుగున్నర నెలలు. కాన్పు బాగా కష్టమైంది. పుట్టగానే ఏడవలేదు, ఐదారు నిమిషాలు బ్యాగుతో గాలి కొట్టారంట. రెండో రోజు నుంచి ఫిట్స్. కర్నూలు ఆసుపత్రిలో పదకొండు రోజులు బాక్సులో పెట్టి పంపించారు. చీటీలో ఫినోబార్బిటోన్ సిరప్ రోజుకు రెండు పూటలు, నెల తర్వాత తీసుకురండి అని రాశారు. ఆ నెలలోనే మా నాయనకు గుండె ఆపరేషన్ అయింది, ఇల్లంతా అటు పరుగెత్తింది. పాపను చూపించలేదు. అదే చీటీ చూపించి మందుల షాపులో సిరప్ తెచ్చి పోస్తూనే ఉన్నాం. ఇంతవరకు మళ్లీ ఫిట్స్ రాలేదు.

మొన్న బావ వాళ్ల తమ్ముడు బెంగళూరు నుంచి ఒక లింకు పంపాడు. ఈ మందు ఎలుక పిల్లలకిస్తే మెదడు కణాలు చచ్చిపోయాయంట. చెల్లెలు రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. బావ ఈ రోజే ఆపేద్దామంటాడు, అమ్మ వద్దంటుంది. పాప ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది, మెడ ఇంకా సరిగ్గా నిలవలేదు. ఇది మందు వల్లా, పుట్టినప్పుడు గాలి అందకపోవడం వల్లా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాగిసంగటి
వెంటనే ఆపేయండి అన్నా. మా పక్కింటాయన ఫిట్స్ మాత్రలు పదేళ్లు మింగి ఇప్పుడు పేరు పిలిస్తే అర నిమిషానికి పలుకుతాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
రాగిసంగటి గారూ, ఇలాంటి సలహా ఇక్కడ రాయకండి. మేనమామ గారూ, ఈ రోజు ఆపొద్దు. నెలల తరబడి పోసిన ఫినోబార్బిటోన్ ఒక్కసారిగా మానేస్తే, మానేసినందుకే ఫిట్స్ రావచ్చు. నేను ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బు చేసిన పురిటి పిల్లలను ఉంచే వార్డులో, ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. మందు అయిపోయిందని నాలుగు రోజులు పోయకుండా ఉండి, ఫిట్స్‌తో తిరిగి వచ్చిన పిల్లలను చూశాను.

కొండారెడ్డి_బురుజు
మా రాగిసంగటి పక్కింటాయన మాత్రలు మింగకముందు కూడా అంతే, నాకు తెలుసు. పిలిచేది అప్పు అడగడానికని ఆయనకు తెలుసు.

రాగిసంగటి
హహ. సరే, నాది వెనక్కి తీసుకుంటున్నా.

హౌస్‌సర్జన్_07
ఆ లింకులో ఉన్నది అబద్ధం కాదు, కానీ సగమే. 2002లో జర్మనీ, అమెరికా పరిశోధకులు ఏడు రోజుల ఎలుక పిల్లలకు ఫినోబార్బిటాల్ (మీ ఫినోబార్బిటోన్ ఇదే), ఫెనిటోయిన్, డయాజెపామ్, వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందులు ఇచ్చి చూశారు. మెదడు కణాలు మామూలుకన్నా ఎక్కువ సంఖ్యలో వాటంతట అవే చనిపోయాయి. ఎదిగే మెదడులో అవసరానికి మించి కణాలు పుడతాయి. పక్క కణాలతో మాటలు కుదిరినవి బతుకుతాయి, కుదరనివి పోతాయి. ఈ మందులు ఆ మాటలను అణిచేస్తాయి, దాంతో బతకాల్సిన కణం కూడా తన పని అయిపోయిందనుకుంటుంది. 2000లో సారాయి విషయంలోనూ ఇదే కనిపించింది. గర్భిణి తాగకూడదని చెప్పడానికి అదొక కారణం.

అయితే ఆ ఎలుకలకు ఫిట్స్ లేవు. జబ్బు లేని మెదడుకు మందు పోశారు. మీ పాప సంగతి వేరు. ఆగని ఫిట్స్ కూడా మెదడుకు దెబ్బే. కాబట్టి తూకం మందుకూ ఫిట్స్‌కూ మధ్య వేయాలి.

తుంగభద్ర_ఒడ్డు
నువ్వు చదువుకునేవాడివి కదా తమ్ముడూ, ఒకటి చెప్పు. అంత చెడ్డదైతే వేరే మందు లేదా? లెవిటిరసిటామ్ అని మా అక్క కొడుక్కి ఇస్తున్నారు, అది మంచిదంటారు.

హౌస్‌సర్జన్_07
ఎలుకల్లో అది కణాలను చంపలేదు, నిజమే. అందుకే అందరూ ఆశపడ్డారు. 2020లో రెండింటినీ పోల్చిన పరీక్ష ఫలితం వచ్చింది. 24 గంటలపాటు ఫిట్స్ పూర్తిగా ఆగింది ఫినోబార్బిటాల్ ఇచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి, లెవిటిరసిటామ్ ఇచ్చిన వాళ్లలో 28 మందికి. ఫిట్స్ ఆగకపోతే మందు ఎంత మంచిదైతే ఏం లాభం? అందుకే పురిటి పిల్లలకు ఇప్పటికీ మొదట ఇచ్చేది ఆ పాత మందే.

ఇంకో సంగతి. పెద్దవాళ్ల మెదడులో గాబా అనే రసాయనం కణాలను శాంతపరుస్తుంది. పురిటి బిడ్డలో కణాల లోపల క్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి అదే గాబా ఎదురు తిరిగి రెచ్చగొట్టవచ్చు. ఫినోబార్బిటాల్ పనిచేసేది గాబా ద్వారానే. కొందరు పిల్లల్లో అది సరిగ్గా పట్టకపోవడానికి ఇదొక కారణం అంటారు. చిన్నపిల్ల అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు.

ఓబులవ్వ_మనవరాలు
మా వాడు పుట్టగానే ఏడవలేదు. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బ వల్ల కాళ్లూ చేతులూ సరిగ్గా మాట వినవు. మాది అనంతపురం దగ్గర పల్లె. నొప్పులు మెల్లగా వస్తున్నాయని ఊళ్లో సూది వేసేటాయన వచ్చి నొప్పుల సూది వేశాడు. గంట తిరిగేసరికి నొప్పి విడవకుండా పట్టేసింది. మధ్యలో ఊపిరి తీసుకునే సందు కూడా లేదు. 108 వచ్చి, ఆసుపత్రికి పోయి, బిడ్డ బయటపడేసరికి నీలంగా ఉన్నాడు.

ఆ సూది మంచిదే, ఆసుపత్రిలో సెలైన్‌లో చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె చప్పుడు వింటూ ఇస్తారని నాకు తర్వాత తెలిసింది. ఒక్కసారిగా కండకు పొడిస్తే గర్భసంచి బిగుసుకుని వదలదు, బిడ్డకు రక్తం అందదు. మందు వల్ల దెబ్బ అంటే నాకు మొదట గుర్తొచ్చేది సిరప్ కాదు, ఆ సూది.

అందరూ నా కొడుకును చూసి ఫిట్స్ మందు వల్ల ఇట్లా అయినాడంటారు. కాదు. దెబ్బ ముందే తగిలింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అక్కా, మీరు రాసింది ప్రతి పల్లెలో చదివి వినిపించాలి.

పెన్నా_గట్టు
ఓబులవ్వ_మనవరాలు అక్కా, బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడు?

ఓబులవ్వ_మనవరాలు
నడుస్తాడు, కుడికాలు ఈడుస్తాడు. మాట నిదానం. క్రికెట్ స్కోరు మాత్రం వాడిని అడిగి చెప్పాల్సిందే. ఏడాదిన్నర నుంచే ఫిజియోథెరపీ మొదలుపెట్టాం. ఇంకా ముందే పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధ. ఏడాదిన్నరదాకా మా జేజి "మగపిల్లలు ఆలస్యంగానే నడుస్తారు" అంటూ కాలం గడిపింది.

కడప_కారందోశ
మా పాపను పుట్టిన మూడు గంటల్లో బెంగళూరు తీసుకుపోయి చల్లని పరుపు మీద 72 గంటలు పెట్టించాం. ఇప్పుడు బడికి పోతుంది, ఏమీ లేదు. కర్నూలులో ఎందుకు చేయలేదో అడిగావా మేనమామా?

హౌస్‌సర్జన్_07
ఇక్కడ జాగ్రత్త. గాలి అందక దెబ్బ తగిలాక మెదడు కాసేపు కోలుకున్నట్టు కనిపిస్తుంది. తర్వాత ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపల రెండో దెబ్బ పడుతుంది, కణాలకు శక్తి అయిపోతుంది. ఆ సందులో ఒంటిని 33-34 డిగ్రీలకు చల్లబరిచి 72 గంటలు ఉంచితే రెండో దెబ్బ తగ్గుతుందని ధనిక దేశాల్లో తేలింది. పుట్టిన ఆరు గంటల్లో మొదలుపెట్టాలి, నెలలు నిండిన బిడ్డ అయి ఉండాలి.

కానీ 2021లో హెలిక్స్ అనే పరీక్ష ఫలితం వచ్చింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది పిల్లలు. చల్లబరిచినందువల్ల చావు, వైకల్యం కలిపి చూస్తే తగ్గలేదు. చావులు మాత్రం పెరిగాయి: చల్లబరిచిన వాళ్లలో 42 శాతం, మామూలు వైద్యం అందిన వాళ్లలో 31 శాతం.

కడప_కారందోశ
అంటే మా పాప అదృష్టంతో బతికిందా? ఏం మాట తమ్ముడూ.

హౌస్‌సర్జన్_07
అలా కాదక్కా. మీ పాపకు పనిచేసి ఉండొచ్చు, చేయకున్నా బాగయ్యేదేమో, ఒక్క బిడ్డను చూసి ఎవరం చెప్పలేం. మన దగ్గర చాలామందికి దెబ్బ కాన్పు సమయంలోనే కాకుండా అంతకుముందు కడుపులోనే మొదలై ఉంటుందనీ, అందుకే ఆరు గంటల సందు వీళ్లకు దాటిపోయి ఉంటుందనీ ఒక వాదన. ఇంకా తేలలేదు. కర్నూలులో చేయలేదని మేనమామ గారు కుమిలిపోనక్కర్లేదు, నేను చెప్పేది అంతే.

కడప_కారందోశ
సరే, ఆ చివరి మాట ఒప్పుకుంటా. మిగతాది కాదు.

వసకొమ్ము_వైద్యం
ఇంత గందరగోళం ఎందుకు? మన పెద్దలు ఆముదం దీపంలో వస కాల్చి, తల్లిపాలలో అరగదీసి నాలుకకు రాసేవాళ్లు. బుద్ధి, మాట రెండూ వచ్చేవి. మా ఇంట్లో ఐదుగురం వస తిన్నవాళ్లమే.

కొండారెడ్డి_బురుజు
అందుకేనా సామీ ఏ టాపిక్‌లో చూసినా వసపిట్టలా మీరే ఉంటారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
వసలో బీటా-ఆసరోన్ అని ఒకటుంది. ఎలుకల్లో కణితులు వచ్చాయని 1968లో అమెరికా దాన్ని తిండి పదార్థాల్లో వాడకూడదని నిషేధించింది. ఫిట్స్ వచ్చిన బిడ్డకు అసలే పెట్టకండి. ఒకవైపు సిరప్ పోస్తూ ఇంకోవైపు వస పెడితే పాప మగతగా ఉన్నది దేనివల్లో ఏ డాక్టరూ చెప్పలేడు. మేనమామ గారూ, మీ ఇంట్లో ఏమైనా పెడుతున్నారా? నిజం చెప్పండి, తిట్టను.

పత్తికొండ_మేనమామ
అమ్మను అడిగాను. వారానికోసారి కొంచెం వస, రోజూ గ్రైప్ వాటర్. మాకు చెప్పలేదు. ఇప్పుడు ఆపించాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చూశారా. డాక్టరు దగ్గర ఇది కూడా చెప్పండి. అమ్మను ఏమీ అనకండి, ఆమె పెంచిన పద్ధతి అది. ఒకటి అడగాలి, సిరప్ దేనితో కొలుస్తున్నారు?

పత్తికొండ_మేనమామ
ఇంట్లో చెంచాతో. మూత పోయింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇంటి చెంచాల్లో ఒకటి మూడు మి.లీ. పడితే ఇంకొకటి ఏడు పడుతుంది. సూది తీసేసిన సిరంజి మందుల షాపులో అడగండి, మి.లీ. గీతలు చూసి పోయండి. ఒకావిడ ఉగ్గుగిన్నెతో పోసి, బిడ్డ లేవడం లేదని అర్ధరాత్రి ఎత్తుకొచ్చింది. మందు మార్చలేదు, కొలత మార్చాం, మర్నాటికి కళ్లు తెరిచి పాలు తాగింది. పాలకు కూడా లేవకపోయినా, ఊపిరి నెమ్మదిగా తీసుకుంటున్నా ఆలోచించకుండా ఆసుపత్రికి పోవాలి.

అనంత_వేరుశనగ
నాది వేరే సమస్య కానీ ఇక్కడే అడుగుతా. మా బాబుకు రెండు నెలలు, గజ్జలో హెర్నియా. వచ్చే వారం ఆపరేషన్. మత్తు ఇస్తే మెదడు దెబ్బతింటుందని నా భార్య వద్దంటోంది. ఈ చర్చ చదివాక నాకూ టెన్షన్ పట్టుకుంది.

హౌస్‌సర్జన్_07
దీనికి సూటి సమాధానం ఉంది. సరిగ్గా మీ బాబు లాంటి పిల్లల మీదే చేశారు: హెర్నియా ఉన్న 722 మంది, ఏడు దేశాలు. సగం మందికి పూర్తి మత్తు, సగం మందికి నడుముకు సూది. మత్తులో ఉన్నది సుమారు గంటలోపు. ఐదేళ్లకు తెలివితేటలు కొలిస్తే తేడా లేదు, 2019లో ఫలితం వచ్చింది. 2016లో అమెరికా ప్రభుత్వం హెచ్చరించింది మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు దాటే ఆపరేషన్ల గురించీ, పదేపదే ఇచ్చే మత్తు గురించీ. ఆపరేషన్ వాయిదా వేస్తే పేగు ఇరుక్కోవచ్చు, ఆ భయం దీనికన్నా పెద్దది.

పెన్నా_గట్టు
దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. 1980ల దాకా చాలాచోట్ల పురిటి పిల్లలకు ఆపరేషన్ చేసేటప్పుడు నొప్పి మందు సరిగ్గా ఇచ్చేవాళ్లే కాదు. నరాలు ఎదగలేదు, నొప్పి తెలియదు అనేవాళ్లు. మన దేశంలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టరు 1987లో అది తప్పని చూపించాడు. నొప్పి మందు ఇచ్చిన పిల్లలు ఆపరేషన్ తర్వాత మెరుగ్గా కోలుకున్నారు. మందు ఇస్తే ఒక బాధ, ఇవ్వకుంటే ఇంకో బాధ.

అనంత_వేరుశనగ
ఇది ఆమెకు చదివి వినిపించా. ఆపరేషన్‌కు సరే అంది. ధన్యవాదాలు తమ్ముడూ.

తుంగభద్ర_ఒడ్డు
మందు కానిది కూడా ఒకటి చెప్తా. మా మేనకోడలి బిడ్డకు మూడో రోజు కామెర్లు. మామూలే, ఎండకు పెట్టండి అన్నారు. ఐదో రోజుకు అరికాళ్లు కూడా పసుపు, పాలు తాగడం మానేసింది, వెనక్కి విల్లులా వంగిపోయింది. కర్నూలు పెద్దాసుపత్రిలో రక్తం మార్చి బతికించారు, కానీ ఇప్పుడు చెవులు వినపడవు. కారణం ఏంటో తెలుసా? మా వదిన ట్రంకు పెట్టెలోంచి కలరా ఉండల వాసన కొట్టే పాత బట్టలు తీసి ఉతక్కుండా చుట్టింది. బిడ్డకు జి6పిడి తక్కువంట, రక్తకణాలను కాపాడే ఎంజైమ్ అది. ఆ వాసనకే రక్తకణాలు పగిలిపోయాయి.

హౌస్‌సర్జన్_07
కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ అంతే. జి6పిడి లోపం ఉన్న బిడ్డకు ముట్టుకున్నా, పీల్చినా చాలు. పగిలిన కణాల నుంచి బిలిరుబిన్ అనే కామెర్ల పసుపు పదార్థం పెరిగి మెదడు లోతు భాగాల్లోకీ, వినికిడి నరాల దారిలోకీ చేరుతుంది. అరచేతులు, అరికాళ్లు పచ్చబడ్డాయంటే ఎండ పనిచేయదు, ఆసుపత్రిలో నీలం లైటు కిందికి పోవాల్సిందే.

ఓబులవ్వ_మనవరాలు
కలరా ఉండలా! మా ఇంట్లో ఉయ్యాల గుడ్డల మధ్య వేస్తారు. ఇప్పుడే పోయి తీసేస్తా, మా ఆడబిడ్డకు వచ్చే నెల కాన్పు.

పిల్లల_ఫిజియో
ఆలస్యంగా వచ్చాను. మేనమామ గారి మొదటి ప్రశ్నకు ఎవరూ నేరుగా సమాధానం చెప్పలేదు: మెడ నిలవకపోవడం మందు వల్లా, దెబ్బ వల్లా? రెండూ కావచ్చు, ఇంట్లో కూర్చుని తేల్చలేం. మందు మగత వల్ల ఒళ్లు మెత్తగా ఉండొచ్చు. దెబ్బ వల్ల మొదట మెత్తగా ఉండి తర్వాత బిగుసుకోవచ్చు. ఇవి గమనించి రాసుకోండి: బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగిస్తుందా? బట్ట మార్చేటప్పుడు తొడలు విడదీయడం కష్టంగా ఉందా? ఒక చెయ్యే ఎక్కువ వాడుతుందా? మొహం చూసి నవ్వుతుందా?

తేలేదాకా ఆగకండి. ఈ వయసులో మెదడు కొత్త దారులు వేసుకుంటుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాకొక సత్వర చికిత్సా కేంద్రం ఉండాలని 2013 నుంచి పథకం, డైక్ సెంటర్ అంటారు. పెద్దాసుపత్రిలో అడగండి, డబ్బు కట్టే పని లేదు.

హౌస్‌సర్జన్_07
మందు ఆపడం గురించి కూడా. మీ బావ అడిగింది తప్పు ప్రశ్న కాదు, సొంతంగా ఆపాలనుకోవడమే తప్పు. పుట్టినప్పటి దెబ్బ వల్ల వచ్చిన ఫిట్స్ ఆగిపోయి, బిడ్డకు మూర్ఛ జబ్బు లేదని అనిపిస్తే ఇంటికి పంపేముందే మందు ఆపేయాలని 2023లో అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం చెప్పింది. చాలాచోట్ల ఇంకా పాత పద్ధతిలో మూడు నెలలు, ఆరు నెలలు రాస్తారు. కాబట్టి పోయి అడగండి: ఇంకా అవసరమా, ఎలా తగ్గించాలి?

రాగిసంగటి
అంటే నేను చెప్పింది సగం కరెక్టే కదా!

కొండారెడ్డి_బురుజు
ఆ సగం కూడా పొరపాటున.

పత్తికొండ_మేనమామ
నిన్న పోయి వచ్చాం. నెల తర్వాత రమ్మంటే నాలుగు నెలలకా అని డాక్టరమ్మ గట్టిగానే తిట్టింది, పడ్డాం. తూకం వేస్తే పాప పుట్టినప్పటికి రెండింతలు పైనే ఉంది. మందు మాత్రం పుట్టినప్పటి కొలతే. "బరువుతో చూస్తే దానంతట అదే సగానికి తగ్గిపోయింది, అయినా ఫిట్స్ రాలేదంటే మంచి గుర్తే" అంది. తల చుట్టుకొలత టేపుతో తీసి కార్డులో రాసింది, వయసుకు కొంచెం తక్కువంట. తలకు వైర్లు పెట్టి మెదడు కరెంటు చూసే ఈఈజీ తీశారు, ఫిట్స్ గుర్తులు లేవు. మూడు వారాల్లో మెల్లగా తగ్గించి ఆపేయమని తేదీలతో రాసిచ్చింది. మధ్యలో కళ్లు ఒకవైపు నిలిపేసినా, పెదాలు చప్పరించినా, సైకిల్ తొక్కినట్టు కాళ్లాడించినా వీడియో తీసుకుని వెంటనే రమ్మంది.

ఫిజియో గారు చెప్పినవి రాసుకుని పోయాను. ఎడమ బొటనవేలు లోపలే ఉంటుంది. తొడలు కొంచెం బిగువు. వారానికి రెండు రోజులు ఎక్సర్‌సైజుకు రమ్మన్నారు. చెల్లెలు అక్కడ ఏడవలేదు, అన్నీ అడిగి నేర్చుకుంది. నిద్ర మాత్రం వస, గ్రైప్ వాటర్ ఆపి, సిరంజితో కొలవడం మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచే తగ్గింది. మా అమ్మ ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఓబులవ్వ_మనవరాలు
పెద్దామె చేత రోజూ నూనె రాయించి ఎక్సర్‌సైజు చేయించండి. పని అప్పజెప్తే అలక పోతుంది. మా జేజి అట్లే మారింది.

పత్తికొండ_మేనమామ
మంచి మాట అక్కా. ఇంకొక డౌటు. బేరా అని చెవి పరీక్ష రాశారు, శుక్రవారం. పాప కదలకుండా నిద్రపోవాలంట, లేకుంటే నిద్ర సిరప్ పోస్తామన్నారు. బావ మళ్లీ మొదలుపెట్టాడు, అది కూడా మెదడుకు మత్తే కదా అని.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఒక్కసారి ఇచ్చే మోతాదుకు భయపడక్కర్లేదు. అయినా తప్పించుకునే దారి ఉంది. ఆ ఉదయం పాపను త్వరగా లేపండి, దారిలో నిద్రపోనివ్వకండి, ఆకలి మీద తీసుకుపోండి. గదిలోకి పిలిచాక పాలిస్తే అక్కడే పడుకుంటుంది. మా దగ్గర చాలామందికి ఇట్లాగే మందు లేకుండా అయిపోతుంది. ఫిట్స్ సిరప్ ఆ పూటది మాత్రం మానకండి.

పత్తికొండ_మేనమామ
బస్సులో రెండు గంటలు. ఊగుడుకు పాప నిద్రపోకుండా ఎట్లా?

కొండారెడ్డి_బురుజు
డ్రైవరు వెనక సీటులో కూర్చోండి సామీ. ఆ హారన్‌కు పాపకేమిటి, చెకింగ్ ఆయనకు కూడా కునుకు పడదు.